తొమ్మిదో తరగతి బిడ్డ ఇంగ్లీష్ నవలలు అడుగుతున్నది: ఏవి కొనాలె, ఎక్కడ కొనాలె?

ప్రశ్న: మాది జడ్చర్ల. బిడ్డ తొమ్మిదో తరగతి, ఇంగ్లీష్ మీడియం. ఫోన్‌లో రీల్స్ చూసి యంగ్ అడల్ట్ నవలలు కావాలంటున్నది. ఏడు పుస్తకాల పేర్లు రాసిచ్చింది, ఆ జాబితా మీకు పంపిన. ఒక్కోటి నాలుగైదు వందలు. హైదరాబాద్‌లో రోడ్డు మీద అవే నూట యాభైకి చూసిన. నాకు ఇంగ్లీష్ అంతగా రాదు. దసరాకు వెయ్యి రూపాయలిస్తనని మాటిచ్చిన. ఆ వయసు పిల్లలు ఇవి చదవచ్చా? ఏవి కొనమంటరు?

అన్నా, నమస్తే. నేను నల్లగొండ జిల్లాలో సర్కారు హైస్కూల్‌లో ఇంగ్లీష్ చెప్త. ఈ టీనేజ్ నవలలు పదిహేనేండ్ల నుంచి కొంటున్న, చదువుతున్న. పిల్లల కోసమే మొదలుపెట్టిన అంటే అబద్ధమైతది. బీఈడీ చదివేటప్పుడు నా ఇంగ్లీష్ బాగుపడాలని మొదలుపెట్టిన, తర్వాత రుచి మరిగి వదల్లేదు. నలభై దాటినంక కూడా పదహారేండ్ల పిల్ల కథ పట్టుకొని కూర్చుంటే మా ఇంట్లో నవ్వుతరు. నవ్వనీ. ఇన్నేండ్లలో నేను చేతులు కాల్చుకున్నవి చెప్త, మీ వెయ్యి రూపాయలు కొంచెం మంచిగ ఖర్చయితయి.

ముందు ఒక మాట. 'యంగ్ అడల్ట్' అన్నది పుస్తకాల దుకాణంలో ఒక అర (షెల్ఫ్) పేరు. సినిమాకు సెన్సార్ వాళ్లిచ్చే సర్టిఫికెట్ లెక్క కాదది. పుస్తకం మొత్తం చదివి 'ఇది పద్నాలుగేండ్ల పిల్లకు సరే' అని ముద్ర వేసే ఆఫీసు మన దేశంలో లేదు. పన్నెండు నుంచి పద్దెనిమిదేండ్ల వాళ్లు కొంటరని ప్రచురణకర్తలు ఆ అరలో పెడతరు, అంతే. పన్నెండుకూ పద్దెనిమిదికీ మధ్య ఎంత దూరముంటదో ఆడబిడ్డ తండ్రికి నేను చెప్పేదేముంది?

పైగా ఆ లెక్క ఇంట్లో ఇంగ్లీష్ మాట్లాడే పిల్లలది. మన పిల్లలకు రెండు వయసులుంటయి. మీ బిడ్డ మనసుకు పద్నాలుగు. ఇంగ్లీష్ చదవడంలో ఆమె వయసు పదో పదకొండో ఉండొచ్చు. ఇంగ్లీష్ మీడియం అయినా సరే, మా బడిలో నేను రోజూ చూస్తున్న. మనసు వయసు ఒక్కటే చూసి కొంటే పుస్తకం ఇరవై పేజీలకు మూలకు పడతది. ఇంగ్లీష్ వయసు ఒక్కటే చూసి కుందేలు, తాబేలు కథలు కొనిస్తే పిల్లకు చిన్నతనమైతది, ఇంకోసారి అడగనే అడగదు. ఇంగ్లీష్ తేలికగా ఉండాలె, విషయం మాత్రం తన వయసుదై ఉండాలె. అసలు వెతుకులాటంతా అట్లాంటి పుస్తకం కోసమే.

ఇంగ్లీష్ ఎంత కష్టమో చెప్పే కొలత ఒకటి అమెరికాలో ఉంది, లెక్సైల్ అంటరు. వాక్యాల పొడుగు, మాటల వాడుక చూసి పుస్తకానికి ఒక అంకె ఇస్తరు. నెట్‌లో వెతికితే పేరున్న నవలలకు దొరుకుతది. 'ది హంగర్ గేమ్స్'కు 810, 'ది గివర్'కు 760. మొదట్లో నేను ఆ అంకెలు నోట్‌బుక్‌లో రాసుకొని మరీ కొనేదాన్ని. ఒకరోజు చూస్తే ఐదో తరగతి పిల్లలు పడీ పడీ నవ్వుకుంట చదివే బొమ్మల డైరీ 'డైరీ ఆఫ్ ఎ వింపీ కిడ్'కు 950 ఉంది. పెద్దవాళ్లు కాలేజీల్లో చదివే స్టైన్‌బెక్ నవల 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్'కు 680. ఆ రోజుతో నోట్‌బుక్ మూసిన. ఆ అంకె వాక్యాన్ని కొలుస్తది, వాక్యంలో ఉన్న బరువు దానికి అందదు. ఉజ్జాయింపుకు పనికొస్తది, దాని మీద తీర్పు చెప్పొద్దు.

ఇక మీ బిడ్డ రాసిచ్చిన జాబితా. ఏడింట్లో 'ఇట్ ఎండ్స్ విత్ అజ్' ఉంది. అది 2016లో వచ్చిన పెద్దల నవల. రీల్స్‌లో టీనేజ్ పుస్తకాల పక్కన పెట్టి చూపిస్తరు, అట్ట మీద పువ్వులుంటయి, పిల్లలు తమ కోసమే అనుకుంటరు. లోపల భార్యను కొట్టే భర్త, పడకగది సన్నివేశాలు. చెడ్డ పుస్తకం అంటలేను, ఒక ఆడమనిషి ఆ ఇంట్లోంచి బయటికి రావడానికి పడే తండ్లాట అందులో ఉంది. కానీ అది ఇరవై దాటినోళ్ల పుస్తకం. ఇంకొకటి 'ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్'. దీని కథ ఇంకా తమాషా. 2015లో టీనేజ్ అరలోనే వచ్చింది. తర్వాత తర్వాత సిరీస్‌లో విషయం ముదిరింది, 2020లో అట్టలు మార్చి పెద్దల అరలోకి జరిపిన్రు. పుస్తకంలో అక్షరం మారలేదు, అర మారింది. అర పేరును నమ్మొద్దని నేను మొత్తుకునేది ఇందుకే.

ఆ రెండూ ఇప్పుడు వద్దు. కానీ జాబితా చింపి పారేయొద్దు, ఫోన్ గుంజుకోవద్దు. "ఇవి రెండు ఇంటర్ అయినంక చూద్దాం బిడ్డా, తక్కిన ఐదింట్లో నువ్వే ఒకటి ఎంచుకో" అని చెప్పండి. మా అమ్మ నన్ను నవలలు చదివితే పాడైపోతవని తిట్టేది. తనేమో వారపత్రికలో సీరియల్ వచ్చే రోజు పక్కింటామె కంటే ముందు చదవాలని ఆరాటపడేది. మా దేవరకొండలో అద్దె పుస్తకాల దుకాణం ఉండేది, రోజుకు అర్ధ రూపాయి. అట్టకు ఖాకీ కవర్ వేసి సాంఘిక శాస్త్రం పక్కన పెట్టుకొని చదివిన నేను. వద్దన్న కొద్దీ ఏమైతదో నాకు తెలుసు కాబట్టి చెప్తున్న.

మొదటి పుస్తకంగా నేనేది ఇస్తనంటే, ఎక్కువసార్లు 'ది అవుట్‌సైడర్స్'. 1967 నాటిది. రాసిన ఎస్.ఇ. హింటన్ దాన్ని పదిహేనేండ్లప్పుడు మొదలుపెట్టింది, అచ్చయ్యేనాటికి పద్దెనిమిదేండ్లు. ఆడపిల్ల రాసిందంటే మగ సమీక్షకులు పక్కన పెడతరని ప్రచురణకర్తలు పేరు పొడి అక్షరాల్లో వేయించిన్రు. పేద పిల్లల గుంపుకూ డబ్బున్న పిల్లల గుంపుకూ కొట్లాట. అమ్మానాన్న కారు ప్రమాదంలో పోతే ఇరవయ్యేండ్ల అన్న ఇద్దరు తమ్ముళ్లను సాకుతుంటడు. చిన్న చిన్న వాక్యాలు, రెండు వందల పేజీల లోపు. సిగరెట్లు, కత్తిపోట్లు ఉన్నయి; పడకగది లేదు. యాభై ఏండ్ల కిందటి అమెరికా పిల్లలు మన పిల్లలకు ఏం అర్థమైతరని నాకూ అనుమానముండె. మా బడిలో ఒక పిల్లగాని అమ్మానాన్న బొంబాయికి కూలికి పోయిన్రు, అన్నదమ్ములిద్దరే ఇంట్లో ఉండి వండుకొని బడికొచ్చేటోళ్లు. వాడు మూడు వారాలు పట్టి చదివి తెచ్చిచ్చి, "టీచర్, వీళ్లు మా లెక్కనే ఉన్నరు" అన్నడు. పాలమూరు వలస సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ పుస్తకం మీద సందేహం నాకు ఆ రోజే పోయింది.

మీ బిడ్డకు కొట్లాటలు ఇష్టం లేకపోతే 'ది గివర్' చూడండి, 1993 నాటిది. బాధ లేకుండా, గొడవ లేకుండా, రంగులు కూడా లేకుండా బతికే ఒక ఊరు. ఆ ఊరి వెనకటి జ్ఞాపకాలన్నీ మోసే పని పన్నెండేండ్ల పిల్లగాని నెత్తిన పడతది. ఇంగ్లీష్ మా ఎనిమిదో తరగతి పాఠాల కంటే తేలిక. ఒకచోట పసిపిల్లకు సంబంధించిన సన్నివేశం ఒకటుంది, నాకే గుండె కలుక్కుమంది. చదివినంక మీ బిడ్డ ఊకె కూర్చుంటే ఆ పేజీ వచ్చిందనుకోండి, కదిలించి మాట్లాడండి.

జాబితాలో ఉన్న 'ది హంగర్ గేమ్స్' కొనొచ్చు. 2008లో వచ్చింది. పన్నెండు నుంచి పద్దెనిమిదేండ్ల పిల్లల పేర్లు చీటీలు తీసి, ఇరవై నాలుగు మందిని ఒకరినొకరు చంపుకొమ్మని వదిలే ఆట. వినడానికే భయంకరం, కాదనను. అయితే అది రక్తం చూసి సంబరపడే పుస్తకం కాదు, ఆ ఆటను టీవీలో చూసి సంబరపడే జనం మీద కోపంతో రాసిన పుస్తకం. భాష సంగతికొస్తే ఆ పిల్లనే 'నేను' అని వర్తమాన కాలంలో చెప్పుకుంట పోతది: లేస్తున్న, నడుస్తున్న, చూస్తున్న అన్నట్టు. మన పిల్లలకు ఇది పెద్ద వరం. క్రియల కాలాలు గడబిడ పడకుండా కథ వెంట ఉరుకుతరు. ప్రతి అధ్యాయం చివర కాలు అడ్డం పెట్టినట్టు ఆపుతది, సీరియళ్లు రాసేటోళ్లకు తెలిసిన విద్యనే.

ఇండియా పుస్తకం కావాలంటే రస్కిన్ బాండ్ 'ది రూమ్ ఆన్ ద రూఫ్'. ఇది కూడా పదిహేడేండ్ల పిల్లగాడు రాసిందే, 1956లో అచ్చయింది. డెహ్రాడూన్, చాట్ దుకాణాలు, హోలీ, ఇంట్లోంచి పారిపోయిన పిల్లగాడు. మన ఎండ, మన దుమ్ము తెలిసిన ఇంగ్లీష్. ధర కూడా తక్కువే ఉంటది. రీల్స్‌లో కనపడదు కాబట్టి పిల్లలు మొదట మొహం ముడుస్తరు. దీన్ని రెండో పుస్తకంగా ఇయ్యండి.

అసలే చదవని మగపిల్లలకు నేనిచ్చేది 'లాంగ్ వే డౌన్'. 2017. అన్నను చంపినోడిని చంపనీకి తుపాకీ పట్టుకొని లిఫ్ట్ ఎక్కిన పిల్లగాడు, ఏడో అంతస్తు నుంచి కిందికి దిగే ఒక్క నిమిషం పైచిలుకు కథ. పద్యాల లెక్క చిన్న చిన్న పంక్తులు, పేజీలో సగం తెల్లగానే ఉంటది. మూడొందల పేజీల ఇంగ్లీష్ పుస్తకం రెండు రోజుల్లో పూర్తి చేసిన్నని పిల్లగాడు కాలర్ ఎగరేస్తడు. ఎగరేయనీ.

మీరు అడగని సంగతి ఒకటి చెప్త, ఎందుకంటే పిల్లలు పుస్తకం ఆపేసేది చాలాసార్లు ఇక్కడే. పెద్ద పెద్ద ఇంగ్లీష్ మాటలు వాళ్లను ఆపవు, అవి దాటేసి పోతరు. అమెరికా బడి మాటలే కొంప ముంచుతయి. ఫ్రెష్‌మన్ అంటే తొమ్మిదో తరగతి, సోఫోమోర్ అంటే పది, జూనియర్ పదకొండు, సీనియర్ పన్నెండు. మన దిక్కు జూనియర్, సీనియర్ అంటే ఇంజనీరింగ్ కాలేజీ ర్యాగింగ్ యాదికొస్తది కదా, అక్కడట్ల కాదు. ప్రామ్ అంటే చివరి ఏండ్లలో చేసే డ్యాన్స్ పండుగ. ఫోస్టర్ హోమ్ అంటే కన్నవాళ్లు సాకలేని పిల్లలను సర్కారు వేరే కుటుంబానికి అప్పగించే ఏర్పాటు. మా క్లాసులో ఒక పిల్ల నలభై పేజీలు చదివి వచ్చి, "టీచర్, ఈ బడిలో అందరికీ లాకర్లున్నయి, అంత బంగారం ఉంటదా వీళ్లకు?" అని అడిగింది. పుస్తకాలు, కోటు పెట్టుకునే ఇనుప అల్మారా అది. మన ఇండ్లల్లో లాకరంటే బ్యాంకుదే కదా, పిల్లదేం తప్పు? అప్పటి నుంచి పుస్తకం ఇచ్చేముందు అట్ట లోపలి పేజీలో పెన్సిల్‌తో ఈ ఐదారు మాటలు రాసిస్తున్న.

"ఆ వయసు పిల్లలు చదవచ్చా" అన్న దానికి ఇంకొంచెం చెప్పాలె. ఈ నవలల్లో చావు, తాగుడు, ఆత్మహత్య, ఆడపిల్ల మీద అఘాయిత్యం లాంటివి వస్తయి. పుస్తకంలో రాకపోతే మన ఊర్లలో లేవా? తొంబై తొమ్మిదిలో వచ్చిన 'స్పీక్' అని ఒక నవల ఉంది. సెలవుల్లో ఒక పిల్ల మీద అఘాయిత్యం జరుగుతది. తొమ్మిదో తరగతిలో చేరినంక ఆమె మాట్లాడటమే తగ్గించేస్తది, ఎవరికీ చెప్పదు. నేను క్లాసులో ముగ్గురు ఆడపిల్లలకు అది ఇచ్చిన, వాళ్ల అమ్మలకు చెప్పి మరీ. "ఎందుకు చెప్పలేదు టీచర్ ఆ పిల్ల?" అని ఒకామె మొదలుపెట్టింది. భోజనాల గంట మొత్తం అదే మాట నడిచింది. మనమైతే ఎవరికి చెప్తం, అమ్మకా, టీచర్‌కా, పిల్లల హెల్ప్‌లైన్ 1098కా అని. నేను పాఠం చెప్పి రాబట్టలేని మాటలు అవి. అయినా అది మొదటి పుస్తకం కాదు, ఒక్కర్తే కూర్చొని చదివే పుస్తకమూ కాదు. ఇంట్లో అమ్మకో పెద్దమ్మకో తెలిసి ఉండాలె.

మీకు ఇంగ్లీష్ రాదన్నరు. పర్వాలేదు. రాత్రి అన్నం తినేటప్పుడు "ఇయ్యాల కథ ఎంతదాక వచ్చింది బిడ్డా, తెలుగులో చెప్పు" అనండి. చెప్పగలిగితే అర్థమైతున్నట్టు. తడబడితే రెండు మూడు రోజులు చూడండి. అప్పటికీ కథ ముందుకు పోకపోతే ఆ పుస్తకం ఆమె ఇంగ్లీష్ వయసుకు పెద్దది. పక్కన పెట్టమనండి, డబ్బులు పెట్టి కొన్నం పూర్తి చేయాల్సిందే అని మాత్రం అనొద్దు. నా దగ్గర సగంలో ఆపిన పుస్తకాలు ఒక సంచెడున్నయి. అందులో నాలుగు తర్వాత రెండేండ్లకు నేనే ఇష్టంగా చదువుకున్న.

కొనే ముందు పరీక్ష ఒకటుంది. పేజీ చదువుతుంటే తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవమనాలె. ఐదు వేళ్లూ ముడుచుకుంటే పుస్తకం కష్టమైనట్టు. ఇది చాలామంది టీచర్లకు తెలిసిందే. అయితే అందరూ మొదటి పేజీ మీద చేయిస్తరు, అది తప్పని నా అభిప్రాయం. మొదటి పేజీలో కొత్త మనుషులు, కొత్త ఊరు, రచయిత షోకు అన్నీ ఉంటయి, ఎవరికైనా కష్టమే. ముప్పయ్యో పేజీ తీసి చేయించండి. పుస్తకం చేతిలో లేకపోతే ఫోన్‌లో కిండిల్ యాప్ పెట్టుకుంటే చాలా నవలలకు మొదటి కొన్ని పేజీలు శాంపిల్‌గా ఉచితంగా వస్తయి. అదంతా చదివి "తర్వాత ఏమైందో" అని ఆగలేకపోతే అప్పుడు కొనండి. టెలిగ్రామ్‌లో మొత్తం పీడీఎఫ్‌లే దొరుకుతయి కదా అని పిల్లలంటరు. దొంగ సొత్తు సంగతి పక్కన పెట్టినా, ఫోన్‌లో నవల చదువుతుంటే పైనుంచి రీల్స్ నోటిఫికేషన్ దిగుతది. ఏది గెలుస్తదో మీకు తెల్వదా?

ఇప్పుడు కొనే చోటు. జడ్చర్లలో, మహబూబ్‌నగర్‌లో దుకాణాలన్నీ తిరిగినా ఇవి దొరకడం కష్టమే, మా నల్లగొండలోనూ అంతే. ఒక దుకాణాయనను అడిగితే "మన దిక్కు నవలలు ఎవరు చదువుతరు మేడం" అన్నడు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవుల పద్యాలతో గోలకొండ కవుల సంచిక వేసిన సురవరం ప్రతాపరెడ్డి మీ పాలమూరాయనే. నోటిదాకా వచ్చింది, మింగిన. దుకాణాయనను అని లాభం లేదు. జూన్‌లో పాఠ్యపుస్తకాలు, తర్వాత గైడ్లు, టెస్ట్ పేపర్లు, డీఎస్సీ, గ్రూప్స్ పుస్తకాలు అమ్మితేనే ఆయనకు కిరాయి ఎల్లుతది.

కాబట్టి హైదరాబాద్ పోవాల్సిందే, లేకపోతే ఆన్‌లైన్. పోతే ఆదివారం పోండి. కోఠిలో పాత పుస్తకాల దుకాణాలు, ఆదివారం మాత్రమే ఆబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పరిచే పుస్తకాలు, రెండూ ఒకే పూటలో తిరగొచ్చు. మీ ఇంటామెనూ బిడ్డనూ తోలుకపోండి. వాళ్లిద్దరికీ ఆధార్ చూపిస్తే ఎక్స్‌ప్రెస్ బస్సులో జీరో టికెట్, మీ ఒక్కరికే ఛార్జీ. 2023 డిసెంబర్‌లో ఆ పథకం వచ్చినప్పటి నుంచి నేను నెలకొకసారి కోఠి పోతున్న. మిగిలిన బస్సు కిరాయితో పాత పుస్తకం ఒకటి వస్తది. రైలైతే జడ్చర్లలో ఎక్కి కాచిగూడలో దిగినా కోఠి దగ్గరే.

మీరు రోడ్డు మీద నూట యాభైకి చూసినవి పాత పుస్తకాలు కావు. కొత్తగా, ప్లాస్టిక్ చుట్టి, ఫేమస్ పేర్లే వరసగా పేర్చి ఉంటే అవి దొంగ ముద్రణలు. అసలైన పాత పుస్తకానికి లోపల ఎవరిదో పేరుంటది, మూల మడత ఉంటది, పక్కన ఎవరూ వినని పేరున్న పుస్తకం కూడా ఉంటది. దొంగ కాపీని పట్టుకోవడం కష్టం కాదు. కాగితం వెనక అచ్చు ఇవతలికి కనపడతది. అక్షరాలు ఒక పేజీలో నల్లగా, ఇంకో పేజీలో బూడిద రంగులో ఉంటయి, ఎందుకంటే అసలు పుస్తకాన్ని స్కాన్ చేసి కొట్టిన్రు. అట్ట మీద ఉబ్బెత్తుగా ఉండాల్సిన పేరు చదునుగా ఉంటది. వెనక అట్ట మీది పదమూడంకెల ఐఎస్‌బీఎన్‌ను (పుస్తకం గుర్తింపు నంబర్) లోపల రెండో పేజీలో ఉన్నదానితో పోల్చి చూడండి, ఒక్కోసారి రెండూ వేరే పుస్తకాలవి ఉంటయి. మధ్యలో తెరిస్తే జిగురు పటుక్కుమంటది.

నేను మోసపోలేదా అంటే, పోయిన. 120 రూపాయలకు ఒక నవల కొన్న. 160వ పేజీ దాక ఊపిరి బిగబట్టి చదివిన. ఆ తర్వాత మళ్లీ 145 వచ్చింది. ఒక ఫారం, అంటే కలిపి మడిచే పేజీల కట్ట, రెండుసార్లు కుట్టిన్రు, దాని తర్వాతది లేనే లేదు. పదహారు పేజీలు మాయం. హంతకుడెవరో ఆ పదహారు పేజీల్లోనే బయటపడతడు. మళ్లీ 399 పెట్టి అసలుది కొన్న, రెండూ కలిపితే 519 పడ్డది. రచయితకు పైస పోని పుస్తకం నాకైనా చవకగా పడిందా అంటే అదీ లేదు.

ఆన్‌లైన్‌లో నా గోస వేరే. మూడు పుస్తకాల బాక్స్ సెట్ సగం ధరకు వస్తుందని తెప్పించిన. ఎండాకాలం సెలవుల్లో చదువుదామని అట్లనే అల్మారాలో పెట్టిన. తీసి చూస్తే మొదటి భాగం ఒకటి, రెండో భాగం రెండు, మూడోది లేదు. వాపస్ గడువు వారం, నేను తెరిచింది నెలకు. అమ్మినాయన ఫోన్ ఎత్తలే. పార్సిల్ వచ్చిన రోజే విప్పి, పేజీలు తిరగేయాలె. అసలు సిరీస్ మొత్తం ఒకేసారి కొనడమే తప్పు. మొదటి భాగం కొనండి, అది అయిపోయి బిడ్డ వెంటపడితే రెండోది. మూడు భాగాల నవలల్లో మొదటి భాగంతోనే సరిపెట్టుకున్న పిల్లలను నేను లెక్కలేనంత మందిని చూసిన.

కొత్త పుస్తకం కొనేటప్పుడు వెనక అట్ట చూడండి. భారత ఉపఖండంలో మాత్రమే అమ్మకానికి అని ఇంగ్లీష్‌లో చిన్నగా రాసి ఉంటే అది మన దేశం ధర ఎడిషన్, రూపాయల్లో ధర అచ్చయి ఉంటది. అదే పుస్తకం విదేశీ ఎడిషన్‌కు రెండింతలు గుంజుతరు, లోపల కథలో తేడా ఏం ఉండదు. సినిమా బొమ్మ అట్టకూ మామూలు అట్టకూ ధర తేడా ఉంటే తక్కువది తీసుకోండి, బిడ్డ ఏ అట్ట కావాలంటదో ముందే అడిగి మరీ. ఆ వయసులో అట్ట కూడా ముఖ్యమే, నవ్వకండి.

డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్ ఉంటది, ఇందిరా పార్క్ దగ్గర ఎన్టీఆర్ స్టేడియంలో. అక్కడ సెకండ్‌హ్యాండ్ ఇంగ్లీష్ స్టాళ్లలో గుట్టలు పోసి ఉంటరు. మొదటి రోజులలో పోతే మంచి కాపీలు, చివరి రోజు పోతే మంచి ధరలు. ఆ పక్కనే తెలుగు స్టాళ్లలో పిల్లల పుస్తకాలు వేసే 'మంచి పుస్తకం' అన్న ప్రచురణ సంస్థ దగ్గర కూడా ఆగండి. తెలుగులో టీనేజ్ నవల అన్న అర ఇంకా సన్నగానే ఉంది, అది నాకూ బాధే. కానీ తెలుగులో చదివే పిల్లకు ఇంగ్లీష్‌లో ఊహించే శక్తి వస్తది, ఇది నేను బడిలో చూసిన మాట.

జిల్లా గ్రంథాలయం మరువొద్దు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను మనం కడుతున్నం. పోతే కుర్చీలన్నీ గ్రూప్స్, డీఎస్సీ చదివే పిల్లలతో నిండి ఉంటయి, ఇంగ్లీష్ నవలలు ఒక బీరువాలో దుమ్ము పట్టి ఉంటయి. అయినా కావాల్సిన పుస్తకాల పేర్లు కాగితం మీద రాసి ఇయ్యండి, మీ బిడ్డతోనే రాయించండి. నేను మా దగ్గర రెండుసార్లు రాసిచ్చిన, ఒకసారి వచ్చినయి.

ఇక వెయ్యి రూపాయలు. ఒక్క రోజులో ఖర్చు చేయొద్దు. దసరాకు జాబితాలోంచి తను ఎంచుకున్నది ఒక్కటి, కొత్తది, అసలుది. 'హంగర్ గేమ్స్' అంటే సరే. నాలుగైదు వందలయితయి. కోఠిలో పాతది ఒకటి మీరు ఎంచి తీసుకోండి, 'అవుట్‌సైడర్స్' కానీ రస్కిన్ బాండ్ కానీ, బేరమాడితే వంద లోపే రావొచ్చు. మిగిలింది డిసెంబర్ దాక అట్లనే ఉంచండి. బుక్ ఫెయిర్‌లో ఆ డబ్బులు బిడ్డ చేతికిచ్చి మీరు చాయ్ స్టాల్ దగ్గర నిలబడండి. ఏం కొంటదో చూస్తే ఆమె ఎట్లాంటి పాఠకురాలో మీకే తెలుస్తది, నన్ను అడగాల్సిన పని ఉండదు.

ముందు ఆ శాంపిల్ తీయించి, ముప్పయ్యో పేజీ దగ్గర (శాంపిల్ అంతదాక లేకపోతే దాని చివరి పేజీ దగ్గర) ఎన్ని వేళ్లు ముడిచిందో ఇక్కడనే రాయండి. మూడు లోపైతే జాబితాలో మిగిలిన నాలుగింటి సంగతి కూడా చెప్త.